చేతుల చరిత్ర - 7: ఆ చెక్క ఎవలు చెక్కిండ్రు?



పోయిన నెల డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు అచ్చు వచ్చాక పుస్తకం ఎట్లా మారిందో చెప్తూ గోడ మీద ఒక ఖడ్గమృగం బొమ్మ చూపించాను. 1515లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ గీసిన బొమ్మ అది. ఆ జంతువు మనదేశానిదే. గుజరాత్ సుల్తాన్ రెండో ముజఫర్ షా పోర్చుగీసువాళ్లకు కానుకగా ఇస్తే, ఓడెక్కి 1515 మే నెలలో లిస్బన్‌లో దిగింది. డ్యూరర్ దాన్ని కళ్లతో చూడనే లేదు. అక్కడి నుంచి వచ్చిన ఉత్తరం, ఒక గీత బొమ్మ ఆధారంగా ఊహించి గీశాడు. బొమ్మ పైమూలన ఆయన గుర్తు ఉంటుంది: 'ఏ' అక్షరం కాళ్ల మధ్య 'డి' అక్షరం. ఆ గుర్తును ప్రపంచంలో ఏ మ్యూజియంలో చూసినా పోల్చుకుంటారు.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, గీసింది ఆయన. మరి ఆ చెక్క ఎవలు చెక్కిండ్రు?"

ఆ చెక్కినవాడి పేరు చరిత్రకు తెలియదు అన్నాను. ఆమె కూర్చుంది. వాళ్ల బాపు సెంట్రింగ్ పనికి పోతాడు. పలకలు కోసి, మేకులు కొట్టి, స్లాబు పడ్డాక వాటిని పీకేసి వచ్చే పని. ఇల్లు లేచాక ఆ పలకలు ఎవరికీ కనపడవు. ఆ ప్రశ్న ఆమెకే ఎందుకు వచ్చిందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రశ్నకే ఈ భాగం.

ముందు పని సంగతి. పియర్ చెట్టు లాంటి గట్టి, సన్నటి పోగు ఉండే కర్రను పలకలుగా కోసి, అద్దంలా నున్నగా చిత్రిక పడతారు. మందం ఒక అంగుళం లోపే. సీసపు అక్షరాల ఎత్తుకు సరిపోవాలి, అప్పుడే బొమ్మ, అక్షరం ఒకే పేజీలో ఒకే తొక్కుడుకు అచ్చవుతాయి. దాని మీద చిత్రకారుడు నేరుగా గీస్తాడు, లేదా కాగితం మీద గీసి అంటిస్తారు. ఆ తర్వాత చెక్కేవాడి వంతు.

ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. చెక్కేవాడు గీతను చెక్కడు. గీతను వదిలేసి, గీత కానిదాన్నంతా తీసేస్తాడు. ఒక్క గీత నిలబడాలంటే దానికి అటూ ఇటూ కత్తి దిగాలి. ఏటవాలుగా ఒక కోత, దానికి ఎదురుగా ఇంకో కోత, మధ్యలో సన్నటి పేడు లేచిపోవాలి. నీడ కోసం గీతల మీద అడ్డగీతలు వేస్తారు కదా, కాగితం మీద కలంతో అది రెండు నిమిషాల పని. చెక్కేవాడికి మాత్రం ఆ అడ్డదిడ్డం గీతల మధ్య మిగిలే ప్రతి చిన్న గడినీ నాలుగు వైపులా కోసి, గింజంత చెక్కను బయటకు తియ్యాలి. ఖడ్గమృగం ఒంటి మీద అలాంటి గళ్లు ఎన్నో ఒకసారి లెక్కపెట్టడానికి కూర్చోండి. కత్తి పోగుకు అడ్డంపడి జారితే గీత ఎగిరిపోతుంది. అప్పుడు ఆ మేరకు చెక్కను తొలిచి, కొత్త ముక్క బిగించి, మళ్లీ చెక్కాలి. అక్షరాలైతే అన్నీ తిరగేసి చెక్కాలి.

ఆ తర్వాత సిరా. దీపపు మసి, కాచిన అవిసె నూనె కలిపి నూరుతారు. దాన్ని చెక్కకు అద్దేది తోలు బంతులతో. గొర్రె తోలు లోపల ఉన్నో, గుర్రపు వెంట్రుకలో కూరి కుట్టిన బంతులు. తోలు ఎండి బిరుసెక్కకుండా రాత్రిపూట మూత్రంలో నానబెట్టేవాళ్లు. యూరప్ పునరుజ్జీవనం గురించి మనకు పాఠ్యపుస్తకాల్లో చెప్పినప్పుడు ఈ వాసన చెప్పలేదు. బైబిళ్లూ వృక్షశాస్త్రాలూ రాజుల ఊరేగింపు బొమ్మలూ ఆ తోలు తాకిన తర్వాతే కాగితం మీదికి వచ్చాయి. మన దగ్గర తోలు తాకిన చెయ్యి పుస్తకం తాకకూడదన్నారు.

న్యూరెంబర్గ్‌లో గీసేవాడికి ఒక పేరు, చెక్కేవాడికి వేరే పేరు ఉండేవి. రెండూ రెండు వృత్తులు. 1568లో యోస్ట్ అమ్మాన్ బొమ్మలతో 114 వృత్తుల పుస్తకం ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. అందులో గీసేవాడికి ఒక పేజీ, చెక్కేవాడికి ఒక పేజీ, బొమ్మలకు రంగులద్దేవాడికి ఇంకో పేజీ. కాగితం చేసేవాడు, తోలు ఊనేవాడు, చెప్పులు కుట్టేవాడు అందరూ ఉన్నారు. ఒక్కొక్క బొమ్మ కింద పద్యాలు రాసింది హాన్స్ సాక్స్. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను.

పేరు మాత్రం గీసినవాడికే మిగిలింది. చెక్కేవాడి పేరు ఎక్కడ దొరుకుతుందంటే, చాలాచోట్ల చెక్క వెనకాల దొరుకుతుంది. మాక్సిమిలియన్ చక్రవర్తి తన గొప్ప కోసం ఊరేగింపు బొమ్మల వరస ఒకటి చేయించాడు. ఆ చెక్కలు వియన్నాలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని తిప్పి చూస్తే వెనకవైపు చెక్కినవాళ్ల పేర్లు, తేదీలు రాసి ఉన్నాయి. బహుశా కూలి లెక్క కోసం. అచ్చు పడేది ముందువైపు కాబట్టి ఆ పేర్లు ఏ కాగితం మీదా పడలేదు. ఆ చెక్కేవాళ్లలో యోస్ట్ డి నెగ్కర్ అనే పనిమంతుడు 1512లో చక్రవర్తికి ఉత్తరం రాస్తూ, ఇంకో ఇద్దరిని పెట్టుకుంటాననీ, చివర్లో తానే అన్నిటినీ సరిచేసి ఒక్క చేతి పనిలా కనపడేట్టు చేస్తాననీ మాట ఇచ్చాడు. ముగ్గురి చేతులు ఒక్క చెయ్యిలా కనపడాలి. ఆ ఒక్క చెయ్యీ గీసినవాడిదిలా కనపడాలి. పనితనం అంటే తనను తాను చెరిపేసుకోవడం అన్నమాట.

ఒక మినహాయింపు చెప్పాలి. 1542లో బాసెల్‌లో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే వైద్యుడు మొక్కల మీద పెద్ద పుస్తకం వేశాడు. 500కు పైగా బొమ్మలు. పుస్తకం చివర ముగ్గురు మనుషుల చిత్రాలు వేయించాడు: మొక్కను చూసి గీసిన ఆల్బ్రెక్ట్ మేయర్, దాన్ని చెక్క మీదికి ఎక్కించిన హైన్రిక్ ఫ్యుల్‌మౌరర్, చెక్కిన ఫైట్ రుడాల్ఫ్ స్పెక్లే. ముగ్గురికీ పేర్లున్నాయి, ముగ్గురికీ ముఖాలున్నాయి. పరిశోధన గ్రంథం వేసే మిత్రులు ఆ పేజీ వెతికి చూడండి. మన థీసిస్‌లలో కృతజ్ఞతల పేజీ గైడుగారితో మొదలై వాళ్ల శ్రీమతిగారితో అయిపోతుంది. డీటీపీ చేసిన పిల్లవాడు ఎక్కడా కనపడడు. నా థీసిస్‌లో కూడా లేడు, అది నా తప్పు.

ఇప్పుడు అసలు మనిషి. హిరోనిమస్ ఆండ్రియే. న్యూరెంబర్గ్‌లో చెక్కేవాళ్లలో మొనగాడు. మాక్సిమిలియన్ కోసం డ్యూరర్ బృందం రూపొందించిన విజయతోరణం అనే బ్రహ్మాండమైన బొమ్మను చెక్కించింది ఇతనే. 195 చెక్కలు. కాగితాలన్నీ అతికితే దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. చక్రవర్తి స్వయంగా ఇతని పని చూడటానికి ఆ సందులోకి వచ్చేవాడని ఊళ్లో చెప్పుకునేవారట.

అంతటి దర్బారీ పని చేసినవాడు 1525లో ఏం చేశాడు? ఆ ఏడు జర్మన్ రైతులు తిరగబడ్డారు. వాళ్ల పన్నెండు డిమాండ్ల పత్రం మెమ్మింగెన్ పట్టణంలో తయారైంది. రాసిన ఇద్దరిలో ఒకడు సెబాస్టియన్ లోట్సర్. అతని వృత్తి జంతువుల బొచ్చుతోళ్లతో బట్టలు కుట్టడం. ఆ పత్రంలో ఏమున్నాయి? మేం ఎవరి బానిసలమూ కాము. అడవిలో కట్టె మాకూ కావాలి. వేట, చేప దొరల సొత్తు కాదు. ఊరుమ్మడి భూములు వెనక్కియ్యాలి. ఆదిలాబాద్ మనిషికి ఇందులో వివరించాల్సింది ఏమీ లేదు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం పెట్టింది దేనికో మనకు తెలుసు.

అంతకు ముందు ఇరవై ముప్పై ఏళ్లుగా ఆ రైతుల రహస్య సంఘాలు ఎత్తిన జెండా మీద ఏ గుర్తు ఉండేదో తెలుసా? చెప్పు. దొరలు బూట్లు తొడిగితే, రైతు తోలుతాడుతో బిగించి కట్టుకునే చెప్పు. దాని పేరే ఆ సంఘాల పేరు. ఆ చెప్పు జెండా ఆనాటి కరపత్రాల ముఖచిత్రం మీద చెక్క అచ్చుతో పడింది. చదువు రానివాళ్లకు బొమ్మే అక్షరం. మన డక్కలివాళ్లు పటం విప్పి జాంబపురాణం చెప్పినట్టే, అక్కడ సంతలో కరపత్రం బొమ్మ చూపించి ఒకడు చదివితే పదిమంది వినేవాళ్లు.

హిరోనిమస్ ఆండ్రియే రైతుల పక్షం వహించాడని 1525లో న్యూరెంబర్గ్ నగర సభ అతన్ని జైల్లో పెట్టింది. అదే ఏడు అతని అచ్చుశాలలోనే డ్యూరర్ కొలతల శాస్త్రం పుస్తకం అచ్చయింది. జామెట్రీ పుస్తకం. అందులో స్మారక స్తంభాలు ఎట్లా కట్టాలో చెప్తూ డ్యూరర్ ఒక విచిత్రమైన స్తంభం గీశాడు. అట్టడుగున ఆవులు, గొర్రెలు, పందులు. వాటి పైన ధాన్యం పెట్టె. దాని మీద వంటపాత్ర, వెన్న చిలికే బాన, పాల జాడీ. ఆపైన పారలు, పంగలకర్రలు కట్టిన పనల మోపు, కోళ్ల గూడు. అన్నిటి మీదా చేతిలో తల పెట్టుకుని కూర్చున్న రైతు. అతని వీపులో కత్తి దిగి ఉంది.

ఇది ఎగతాళా, ఏడుపా అని కళాచరిత్రకారులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. డ్యూరర్ రైతు పక్షం కాదనే వాదనకు బలముంది. ఆయన పెద్దవాళ్ల మనిషి. నాకు ఆ వాదులాటకన్నా ముఖ్యమనిపించేది వేరే. ఆ తిరుగుబాటులో లక్షమంది దాకా చచ్చారని అంచనా. ఆ ఏడు, ఆ ఊళ్లో, వెన్నుపోటు పడ్డ రైతు బొమ్మ బయటికొచ్చింది రైతుల కోసం జైలుకు పోయినవాడి అచ్చుశాలలోంచి. గీసినవాడి మనసులో ఏముందో తేల్చడానికి ఇంకా వ్యాసాలు రాస్తున్నారు. అచ్చు తొక్కినవాడి మనసులో ఏముందో ఎంతమంది అడిగారు?

ఇక హాన్స్ సాక్స్. న్యూరెంబర్గ్‌లో చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుడుతూనే వేల పాటలు, నాటకాలు రాశాడు. 1527లో పోప్‌ను ఎండగట్టే బొమ్మల పుస్తకానికి పద్యాలు రాస్తే నగర సభ పిలిపించి, నీ చెప్పుల పనేదో చూసుకో, పుస్తకాలు నీకెందుకు అని హెచ్చరించింది. ఆ బొమ్మలు వేసిన హాన్స్ గుల్డెన్‌ముండ్ దగ్గర మిగిలిన కాపీలూ, చెక్కలూ స్వాధీనం చేసుకుంది.

ఆ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మా తాత చేతిలో రంపె, ఆరె, గూటం ఉండేవి. బాపు బడికి పోయిన మొదటి రోజు విన్నది కూడా ఇదే మాట. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు ఈ మాటనే మర్యాదగా, ఇంగ్లీషులో విన్నాను.

రెండేళ్ల కింద ఒక సదస్సులో ఒక పెద్దాయన వేదిక మీద నుంచి, 'కళకు కులం లేదు, పునరుజ్జీవనంలో లాగే మన దగ్గరా చేతివృత్తుల వారిని నెత్తిన పెట్టుకున్నాం' అన్నారు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్తాను.

హాన్స్ సాక్స్‌ను సభ గద్దించింది నిజం. కానీ ఆయన మళ్లీ రాశాడు, అచ్చు వేశాడు, 1576లో ఊరంతా ఎరిగిన కవిగా చనిపోయాడు. ఆయన తండ్రి దర్జీ. దర్జీ కొడుకు చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు, కవి అయ్యాడు. డ్యూరర్ తండ్రి కంసాలి పని చేసేవాడు, కొడుకు బొమ్మలకు పోయాడు. చేతిని తక్కువ చేశారు, పేరును మింగేశారు, కానీ ఆ చెయ్యి ఇంకో పని పట్టుకోవడానికి పుట్టుక అడ్డం రాలేదు. అంబేద్కర్ 1936లో తేల్చిన విషయం ఇదే: కులం పనుల విభజన కాదు, పనిచేసే మనుషులనే ఒకరి మీద ఒకరిని పేర్చిన విభజన.

యూరప్‌ను పొగడటానికి ఇది రాయడం లేదు. అక్కడా తలారులను, చచ్చిన పశువుల తోలు వలిచేవాళ్లను దూరం పెట్టారు. వాళ్ల కొడుకులను వృత్తిసంఘాల్లో చేర్చుకునేవాళ్లు కాదు, వాళ్లతో కలిసి తాగేవాళ్లు కాదు. తోలు వలిచేవాడు మైల, అదే తోలుతో చెప్పు కుట్టేవాడు గౌరవస్తుడు. గీత తోలు మధ్యలో గీశారు. మనవాళ్లు ఆ శ్రమ తప్పించుకున్నారు. వలిచినవాడిని, ఊనినవాడిని, కుట్టినవాడిని, డప్పు మూసినవాడిని ఒకే వాడలో పెట్టి ఊరి బయట గీత గీశారు.

చెక్కతో అచ్చు వేసే పని తెలుగునాట ఇప్పటికీ బతికి ఉన్న చోటు కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నం. కాగితం మీద కాదు, బట్ట మీద. టేకు దిమ్మ మీద నమూనా దించి, సన్నటి ఉలులతో చెక్కి, నూనెలో నానబెడతారు. బయటి గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఒక దాని మీద ఒకటి వెంట్రుకవాసి తప్పకుండా పడాలి. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచుతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెడితే వచ్చే కసిం ఆ కరక్కాయ తగలగానే నల్లగా తిరుగుతుంది. పటిక అద్దిన చోట వేరుతో ఉడికిస్తే ఎర్రగా తేలుతుంది. ఆ కరక్కాయే మా లందలో కూడా పడేది. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం. బట్టకు పట్టిన కరక్కాయ షోరూములో వారసత్వ కళ. తోలుకు పట్టిన కరక్కాయ అంటరానితనం. రసాయనం ఒకటే మిత్రులారా, ఆ వగరే రెండు చోట్లా పనిచేసేది. వచ్చే భాగం మొత్తం దీని మీదే.

మన జిల్లా పక్కన నిర్మల్. అక్కడ అచ్చు లేదు గానీ చెక్క ఉంది. పొనికి కర్ర. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురుతో, రంపపు పొట్టుతో అతికి, సుద్ద పూసి, రంగులు వేస్తారు. నకాషీలు మావాళ్లు కారు. పాతకాలంలో మా తాతను వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి ఉండరు కూడా. అయినా డబ్బా మీద చూడండి: 'నిర్మల్ బొమ్మ' అని ఊరి పేరుంటుంది, చెక్కినవాడి పేరుండదు. ఆ పొనికి చెట్టు పెరిగేది గోండులు, కోలాములు బతికే అడవిలో. కట్టె ఎవరిది అన్న ప్రశ్న మెమ్మింగెన్ పత్రంలో ఎట్లుందో ఇక్కడా అట్లనే ఉంది, జవాబు రాలేదు.

డ్యూరర్ గీసిన స్తంభాన్ని ఎవరూ కట్టలేదు, అది పుస్తకంలోనే ఉండిపోయింది. మన దగ్గర కట్టారు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూమి పట్టాల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది అన్నది, పౌరహక్కుల సంఘాలు చెప్పిన లెక్క అంతకు ఎన్నో రెట్లు. వాళ్ల జ్ఞాపకంగా లేచిన ఎర్ర స్తూపాన్ని కొన్నేళ్లకు పేల్చేశారు. మళ్లీ కట్టారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు, స్తూపం చుట్టూ 144 సెక్షన్. పూలు పట్టుకొచ్చిన వాళ్లను దారిలోనే ఆపేవాళ్లు. స్తూపం దగ్గర నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ స్తంభం మీద కూర్చున్న రైతు గుర్తొస్తాడు. ఈ స్తూపానికి రాళ్లు మోసిందెవరో, సున్నం కలిపిందెవరో కూడా ఎక్కడా రాసి లేదు.

వెనక బెంచీ అమ్మాయి ఇప్పుడు తన ప్రాజెక్టు అంశం మార్చుకుంది. ఈ వేసవి సెలవుల్లో ఆమె, ఇంకో ముగ్గురు విద్యార్థులు, నేను నిర్మల్ పోతున్నాం. నోట్‌బుక్‌లో మూడే గళ్లు గీసుకున్నాం: చెక్కినవాళ్ల పేరు, రంగు వేసినవాళ్ల పేరు, అడవి నుంచి కట్టె తెచ్చినవాళ్ల పేరు. వాళ్లు ఒప్పుకుంటేనే రాస్తాం. వీలైన మిత్రులు మాతో రండి, బస్సు ఛార్జీలు ఎవరివి వాళ్లవే.